హారానికి చెమట పరీక్ష

ఆదివారం పొద్దున్నే బందరులో బయలుదేరి, కొండవీడు కొండమీద పాడుబడ్డ బురుజు నుంచి బురుజుకి నడిచి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్నది మాబు పథకం. పాత కోటల మీద అతనికి ప్రేమేమీ లేదు. బందరువాడికి ఎత్తంటే కాలవ మీది వంతెనే. అయినా బయలుదేరాడంటే కారణం భూషణంగారు.

భూషణంగారికి గుడివాడలో రోల్డుగోల్డు కొట్టుంది, ఒంట్లో షుగరుంది. ఆ షుగరు తగ్గడానికే ఆయన కొండలెక్కుతుంటారు. కిందటేడు ఎవరో చేసిచ్చిన నగలు పెళ్లిపందిట్లోనే చెమటకి నల్లబడి, పెళ్లివారు ఆయన కొట్టు మీదికొచ్చారు.

"ఈసారి మాటలు కాదు మాబూ. నీ కొత్త హారం మీ ఆవిడ మెళ్లో వేసి నాతో కొండెక్కించు. దిగేదాకా రంగు నిలిచిందా, సీజను ఆర్డరంతా నీదే" అన్నారాయన.

ఆ ఆర్డరు రాకపోతే బందరు చిలకలపూడిలో మాబు రోల్డుగోల్డు నగలు చేసే పనిషెడ్డుకి తాళం పడ్డట్టే.

మొదటి బురుజు దగ్గర అందరికీ చెమటలు కారుతున్నాయి. హారం మాత్రం ధగధగలాడుతోంది. "భేష్!" అన్నారు భూషణంగారు. మాబు భార్య ఫౌజియా మాత్రం హారం మీద చెయ్యి తియ్యకుండా నడుస్తోంది.

"చెయ్యి అడ్డం పెట్టకు, ఎండ తగలనీ" అని మాబు కసిరాడు.

ఆమె చెయ్యి తీసింది. మూడో బురుజు చేరేసరికి హారం మెళ్లో లేదు.

"కొక్కెం ఊడినట్టుంది. పోతే పోయిందిలే, ఇంకోటి చేస్తా" అన్నాడు మాబు. ఫౌజియా అప్పటికే వెనక్కి పరుగెత్తుతోంది.

రెండో బురుజు దగ్గర జనం గుమిగూడారు. వాచ్‌మన్ శోభనాద్రి చేతిలో హారం ఉంది.

"రాణిగారిదే!" అన్నారెవరో. "తవ్వితే ఇంకా ఉంటాయి" అని ఇంకొకాయన కర్రతో నేల పొడవడం మొదలుపెట్టాడు.

"అది మాదండీ. ఉత్త రోల్డుగోల్డు" అన్నాడు మాబు.

"దొరికాక అందరూ మాదే అంటారు. పోలీసుల్ని పిలుస్తున్నా. రోల్డుగోల్డని రుజువేంటి?" అన్నాడు శోభనాద్రి.

మాబు హారం లాక్కుని బురుజు రాయికేసి గీకాడు.

"ఏమండీ, వద్దండీ!" అని ఫౌజియా చెయ్యి పట్టుకుంది.

"నువ్వాగు!" అని మరింత గట్టిగా గీకాడు. ఎంత గీకినా లోపలి రాగి బయటపడలేదు.

"చూశారా, బంగారమే!" అని జనం కేకలు వేశారు.

"గీకినా పోలేదయ్యా! ఆర్డరు నీదే!" అని భూషణంగారు అంతకంటే గట్టిగా కేకవేశారు. "ముప్పై ఏళ్లుగా ఇదే వ్యాపారం నాది. ఇది చిలకలపూడి పనే, చూడగానే చెప్తా."

మాబుకి ఆనందంతో ఒళ్లు తెలియలేదు. "బంగారమైతే ఇలా ఇచ్చేస్తానా?" అంటూ హారం ఆయన చేతిలో పెట్టాడు. "సాంపిలుగా ఉంచుకోండి, ఊరికే!"

దాంతో శోభనాద్రి చల్లబడ్డాడు. "నిజమే. బంగారం ఊరికే ఇచ్చే పిచ్చోడు ఎక్కడుంటాడు?" అని జనాన్ని పంపేశాడు.

తిరుగు బస్సులో భూషణంగారు గుడివాడలో దిగిపోయాక ఫౌజియా ఏడుపు ఆగలేదు.

"మీరు చేసింది నిన్న వంటింటి సెగకే నల్లబడిందండీ. ఆర్డరు పోతే మీరు తట్టుకోలేరని, మీరు దేన్ని చూసి దాన్ని చేశారో అదే వేసుకొచ్చా. నాన్న పెళ్లికి పెట్టిన హారం."

"అక్కడే చెప్పొచ్చుగా!"

"చెప్తే ఆర్డరు పోతుంది, నిధని పోలీసులూ పట్టుకుపోతారు. ఊరుకున్నానా, మీరు దానం చేసేశారు!"

తన కోసం ఇంత చేసిందని మాబు ఆమె కళ్లు తుడిచాడు. తుడుస్తూనే కాసేపు తిట్టాడు కూడా. హారం తిరిగి అడిగితే గుట్టు బయటపడుతుంది, అడక్కపోతే బంగారం పోతుంది. మింగలేక కక్కలేక, రాత్రింబవళ్లు కూచుని పూత మందం పెంచాడు. ఈసారి సెగకీ చెమటకీ రంగు నిలిచింది.

ఆ వారంలోనే గుడివాడ నుంచి హారం పార్సిల్లో తిరిగొచ్చింది. వెనకాలే భూషణంగారి ఫోనొచ్చింది.

"ఆర్డరు ఆర్డరే మాబూ, అందులో తేడా లేదు. రంగు భేషుగ్గా నిలిచింది. కానీ ఎటునుంచి చూసినా గిల్టని తెలిసిపోతోందయ్యా! కాస్త అసలు బంగారంలా కనపడేట్టు చెయ్యి."

ఫౌజియా హారాన్ని కళ్లకద్దుకుని బీరువాలో పెట్టింది. మాబు మాత్రం ఆ రోజు నుంచి మామగారిని కొంచెం అనుమానంగానే పలకరిస్తున్నాడు.