వెండెల్‌కు గుర్తున్న నాలుగు మాటలు

ముసలితనంలో మనల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు వెతకడం మహా ఆరోగ్యకరం. వెతుకుతున్నన్నాళ్లూ మనిషి ముసలివాడు కాడు. నమ్మరా? అయితే అమెరికాలోని డులూత్ ఊళ్లో స్కూలు బస్సులు బాగుచేసి రిటైరైన వెండెల్ హౌగన్‌ను చూడండి.

ముసలితనంలో మంచాన పడితే చాకిరీ ఖర్చులిచ్చే లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్ కొనాలా వద్దా అని ఆయన తొమ్మిదేళ్లుగా ఆలోచిస్తున్నాడు. యాభై ఐదో ఏట, తొందరేముంది అన్నాడు. అరవైలో, రేటు మండిపోతోంది, కాస్త తగ్గనీ అన్నాడు. వయసు వెనక్కి నడిస్తే తప్ప ఆ రేటు తగ్గదని తెలియక కాదు. మనిషన్నాక ఆశ ఉండాలి కదా?

పైగా అదేమన్నా ఆషామాషీ సరుకా? స్నానం, బట్టలు, తిండి, మంచం దిగడం, దొడ్డికెళ్లడం, మలమూత్రాలు ఆపుకోవడం. ఈ ఆరింటిలో రెండు చేతకాకపోతేనే కంపెనీ డబ్బిస్తుంది.

"ఒకటే పోతే?" అని వెండెల్ ఏజెంటును అడిగాడు.

"రెండోది కూడా పోయేదాకా ఓపిక పట్టాలి సార్."

చూశారా! ఇంటిల్లిపాదీ నీ పనైపోయిందని చేతులెత్తేసినా, నీ చొక్కా బొత్తాలు నువ్వే పెట్టుకోగలవని చివరిదాకా నమ్మేది ఒక్క ఇన్సూరెన్స్ కంపెనీయే. అంత నమ్మకం కన్నబిడ్డలకైనా ఉంటుందా?

వెండెల్ నింపాదికి ఇంకో కారణం వెనకగదిలో ఉంది. ఆయన తల్లి గ్లాడిస్, ఎనభై తొమ్మిదేళ్లు. ఆరింటిలో ఐదు ఎప్పుడో పోయాయి. పాలసీ లేదు. అయినా ఏ లోటూ లేదు. పొద్దున్నే లేస్తుంది, శుభ్రంగా ఉంటుంది, వేళకు ఓట్స్ జావ తాగుతుంది. ఇవన్నీ వాటంతటవే జరిగిపోతాయని వెండెల్ ఆరేళ్లుగా కళ్లారా చూస్తున్నాడు. వాటి వెనక భార్య లోర్నా చేతులున్నాయన్నది చిన్న వివరం.

ఫిబ్రవరిలో ఆ చిన్న వివరానికి ఫ్లూ పట్టుకుంది. రెండు రోజులు వెండెల్ తల్లిని తనే లేపాడు, తనే కడిగాడు. రెండో రోజు సాయంత్రం కంపెనీ బ్రోషర్ పట్టుకుని లోర్నా మంచం పక్కన కూలబడ్డాడు.

"మనకిది అవసరమంటావా?"

"నీకెందుకు? నీకు నేనున్నాను."

"అదే కదా నేననేది."

"మరి నాకెవరున్నారు?"

వెండెల్ బ్రోషరంతా తిరగేశాడు. ఆ సంగతి అందులో ఎక్కడా లేదు. తొమ్మిదేళ్లు తెగని ఆలోచన ఆ పూట తెగింది. ఇద్దరి పేరనా దరఖాస్తు పెట్టాడు.

జ్ఞాపకశక్తి పరీక్షకని కంపెనీ నర్సు ఫోన్ చేసింది. పది మాటలు చదివి, కాసేపు కబుర్లాడి, మళ్లీ చెప్పమంది. అత్తగారి పద్నాలుగు మందులు వేళలతో సహా నోటికొచ్చిన లోర్నా పదీ గడగడా అప్పజెప్పేసింది. తర్వాత వెండెల్ వంతు.

"పడవ... వెన్న... గొడుగు... కుర్చీ."

"ఇంకేమైనా, సార్?"

"గొడుగు."

"అది చెప్పారు సార్."

మూడు వారాలకు రెండు ఉత్తరాలొచ్చాయి. లోర్నాకు పాలసీ ఇచ్చారు. వెండెల్‌కు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నామన్నారు.

"అంటే? నాకేదో వస్తోందంటారా వీళ్లు?" అన్నాడు వెండెల్ మెల్లగా. లోర్నా ఆయన చెయ్యి పట్టుకుంది.

కంపెనీని తప్పుపట్టకండి. మంచాన పడబోయే మనిషిని ఫోన్లోనే పోల్చుకుని వదిలేసింది. ఆ మనిషికి చాకిరీ చేయబోయే మనిషిని పోల్చుకుని చేర్చుకుంది. ఇక ఆవిడ అత్తగారికి చేస్తుంది, మొగుడికి చేస్తుంది, మధ్యలో నెలనెలా ప్రీమియం కడుతుంది. తను కూడా కూలిపోయాక కంపెనీ వచ్చి, బొత్తాలు పెట్టుకోగలదో లేదో చూస్తుంది. ఇంత చవగ్గా ముసలాళ్లను చూసుకునే పద్ధతి ఇంకెక్కడుంది, మీరే చెప్పండి.

వెనకగదిలోంచి గ్లాడిస్ పిలిచింది.

"నువ్వు కూర్చో, నేను చూస్తాను," అని వెండెల్ లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "అమ్మ తువ్వాళ్లు ఎక్కడుంటాయి?"

"హాల్లో బీరువా, కింది అర."

నిన్న కూడా అదే అడిగాడు. నిన్న కూడా ఆవిడ అదే చెప్పింది.