రెండు నిమిషాల పాటకు ఆవిష్కరణ మహోత్సవం

తార్నాక, లాలాపేట్, నల్లకుంట వాస్తవ్యులకు తెలియజేయునది ఏమనగా, భూమిక పాడిన క్రిస్మస్ పాట డిసెంబరు రెండో శనివారం అత్యంత వైభవంగా విడుదలైంది. పాట నిడివి రెండు నిమిషాల పది సెకన్లు. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేలోపు రెండుసార్లు వినొచ్చు.

భూమిక యూనివర్సిటీ క్యాంపస్‌లో కెమిస్ట్రీ పరిశోధన చేస్తోంది. తార్నాకలోని చర్చి గాయక బృందంలో ఆరేళ్లుగా వెనక వరుస. ఆ వరుస గొంతులన్నీ కలిసి దేవుడికి చేరతాయి, విడిగా ఎవరికీ వినబడవు. ఒక్కసారి తన గొంతు తనదిగా నలుగురూ వినాలని ఆమె కోరిక. అందుకే హాస్టల్ గదిలో ఫ్యాను ఆపి, దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో పాడింది. పక్కగది సింధూజ గిటారూ బీటూ కలిపింది. ఆ రోజే నెట్‌లో పెట్టేస్తే సరిపోయేది. మర్యాదకొద్దీ బృందం కార్యదర్శి శామ్యూల్ అంకుల్‌తో ఒక మాట చెప్పింది.

"రిలీజ్ ఫంక్షన్ లేకుంట పాటేందమ్మా? పెద్దల చేతుల మీదుగ రావాలె. ఊకనే పెడితే ఎవరింటరు?" అన్నారాయన.

పెద్దలకు మన దగ్గర ఎప్పుడూ కొరత లేదు. పాస్టరుగారు ఎలాగూ ఉన్నారు. సెమినార్ హాలు ఇప్పించారు కనుక శాఖాధిపతి దేవేందర్ సార్. అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షులు పరుశురాంగారికి సంగీతంతో పరిచయం లేదు గానీ, పిలవకపోతే బాగుండదు. ఆయన్ని పిలిచి మాజీ అధ్యక్షులను పిలవకపోతే అసలే బాగుండదు. అలా పోస్టరు మీద పదకొండు ఫోటోలు చేరాయి. పాడిన పిల్ల ఫోటో కూడా వేశారు. క్యూఆర్ కోడ్‌కు చోటు చాలక దాన్ని ఆమె మొహం మీద అతికించాల్సి వచ్చింది.

"గది స్కాన్ చేస్తే నీ పాటనే వస్తది గదమ్మా" అని శామ్యూల్ అంకుల్ నచ్చజెప్పారు. ఆమెకూ అది న్యాయంగానే తోచింది.

సభ రెండింటికి మొదలైంది. పదకొండు శాలువాలు కప్పేసరికి మూడైంది. దేవేందర్ సార్ మైకు అందుకుని, "క్లుప్తత మహోన్నతమైన గుణం. ఈ పాటలో ఉన్నది అదే. క్లుప్తతను గురించి నేను ఎనిమిది అంశాలు మనవి చేస్తాను" అన్నారు. ఎనిమిదీ మనవి చేశారు. పరుశురాంగారు మంజీరా నీళ్ల సరఫరా మీద మాట్లాడారు. సభికుల కళ్లు చెమర్చాయి, కొందరికి ఆవులింతలతో.

నాలుగున్నరకు లాప్‌టాప్‌కు కట్టిన ఎర్ర రిబ్బను కత్తిరించారు. ఒక్క మీట మీద పదకొండు వేళ్లు పట్టవు కాబట్టి, ఒకరి వేలి మీద ఒకరు వేళ్లు పెట్టి ఫోటో దిగారు. భూమిక కుర్చీ అంచుకు జరిగింది. పాట మొదలైంది. సమయాభావం వల్ల అదే క్షణాన వందన సమర్పణ కూడా మొదలైంది. శామ్యూల్ అంకుల్ ఒక్కొక్క పేరే గంభీరంగా చదువుతుంటే, ఆయన గొంతు వెనక భూమిక గొంతు సన్నగా చక్కగా అమరింది. ఆరో పేరు దగ్గర పాట అయిపోయింది. ఎవరూ గమనించలేదు. కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది.

సాయంత్రానికల్లా పోస్టరు ప్రతి ఫోన్‌లోనూ స్టేటస్ అయింది. వారంలో ఆరువందల మంది అభినందించారు. పాట మోగింది ఇరవైమూడు సార్లు, అందులో పద్నాలుగు సార్లు విన్నది భూమికే.

క్రిస్మస్ వారంలో బృందం లాలాపేట్‌లో ఇంటింటికీ పాడుతూ వనజ ఆంటీ ఇంటికి చేరింది. మిగతావాళ్లు కేకు ముక్కలతో తీరిక లేకుండా ఉంటే, భూమిక ధైర్యం చేసి తన పాట ఒక్కతే పాడింది. వనజ ఆంటీ టీవీ ఆపేసి మరీ చివరిదాకా విన్నది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎంత మంచిగ పాడినవ్ బిడ్డా. నువ్వు గూడ ఒక పాట రిలీజ్ చెయ్యరాదు? మొన్న తార్నాకల ఎవరో పిల్ల చేసింది. గది మస్తున్నది."

"విన్నరా ఆంటీ?"

"ఇంక లేదు బిడ్డా. మస్తున్నదని గ్రూపుల ఆ రోజే పెట్టిన."