గరగర లేని ఉదయం

నాగులగెడ్డ పట్టణంలో అరవై ఏళ్ళు దాటినవాళ్ళకు 1967 నుంచి 1969 దాకా జరిగినవాటి జ్ఞాపకాలను రేషన్ షాపులో ఇస్తున్నారు. ప్రతినెలా ఐదో తారీకు లోపల కార్డు పట్టుకెళ్ళి, వేలిముద్ర వేసి, పొట్లం తెచ్చుకోవాలి. బియ్యానికి ఒక వరుస, జ్ఞాపకాలకు ఒక వరుస. రెండు వరుసల్లోనూ చెప్పులూ ఇటుకముక్కలే నిలబడతాయి. వాటి తాలూకు మనుషులు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉంటారు.

ఈ పద్ధతి పెట్టడానికి కారణం కొరత. టీవీల్లో, ఫోన్లలో, సన్మాన సభల్లో అందరూ ఆ మూడేళ్ళనే తోడుకోవడంతో సరుకు అడుగంటింది. ఒకే సినిమాకు మొదటాట చూసిన జ్ఞాపకం కొందరి దగ్గర తలా ఆరు ఉంటే, కొందరి దగ్గర పాటల పుస్తకం అట్ట కూడా లేదు. 1975లో పుట్టిన ఒక కాంట్రాక్టరు, ఆ సినిమాకు నేల టికెట్టు కోసం చొక్కా చింపుకున్నానని సభలో చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. విచారణలో ఆ చొక్కా వేరే ఆయనదని తేలింది. ఇక లాభం లేదని ప్రభుత్వం అందరికీ సమానంగా పంచడం మొదలుపెట్టింది.

పొట్లంలో బ్యాంకులు జాతీయం చేసిన వార్త ఉంటుంది. గొట్టం ప్యాంటు, సైకిలు హ్యాండిలుకు వేలాడే ట్రాన్సిస్టరు, వంద రోజులాడిన సినిమా ఒకటి ఉంటాయి. సినిమాలో హీరో పేరు దగ్గర ఖాళీ వదిలారు, ఎవరి అభిమానం వాళ్ళు నింపుకోవచ్చు. డీలరు సన్యాసిరావు ఇందులో 1974 కలుపుతున్నాడని రెండు ఫిర్యాదులు వచ్చాయి. పోయిన జులై పొట్లంలో చంద్రుడు మరీ నీళ్ళనీళ్ళగా ఉన్నాడని రిటైర్డ్ పోస్టుమాస్టరు రాతపూర్వకంగా తెలియజేశారు. తూకం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు, దానికి అందరూ అలవాటుపడ్డారు.

జులై పొట్లం ప్రత్యేకం. అందులో చంద్రుడి మీదకు మనుషులు దిగిన ఉదయం ఉంటుంది. పంచాయతీ ఆఫీసులో రేడియో, చుట్టూ ఊరంతా, గరగర లేకుండా వార్త, చప్పట్లు, ప్రెసిడెంటు పంచిన బెల్లం ముక్క. కొత్త సిలిండరు కావాలంటే ఖాళీ బండ ఇచ్చినట్టు, ఈ పొట్లం కావాలంటే ఆ ఉదయం గురించి సొంత జ్ఞాపకం ఏదైనా ఉంటే వెనక్కి ఇచ్చేయాలి. ఒక ఉదయానికి ఒక్కటే జ్ఞాపకం అని షాపు గోడ మీద పసుపు రంగుతో రాసి ఉంది.

మజ్జి పారమ్మ మూడేళ్ళుగా జులై నెలలో షాపుకు రావడంలేదు. ఆమెకు అరవై ఏడేళ్ళు. ఈసారి ఇంటికి నోటీసు వచ్చింది. జులై పొట్లం తీసుకోనివారి పేరు 1969 జాబితా నుంచి తీసేస్తారు. తీసేస్తే ఆ ఏడాది ఆమె ఎక్కడా లేనట్టు. లేని మనిషి దగ్గర జ్ఞాపకం ఉండటం నిబంధనలకు విరుద్ధం కనుక, దాన్ని ఎలాగూ జప్తు చేస్తారు.

ఆమె నోటీసు పట్టుకుని వచ్చేసరికి జ్ఞాపకాల ఇన్‌స్పెక్టరు లలితకుమారి షాపులోనే ఉంది. మంచి మనిషి. కుర్చీ తెప్పించి కూర్చోబెట్టింది.

"మీ దగ్గర ఉన్నదేంటో చెప్పండి మామ్మగారూ, రాసుకుంటాను."

"మా అన్న, తల్లీ. దాలినాయుడు. పదిహేడేళ్ళోడు," అంది పారమ్మ. "ఆ పొద్దు రేడియో ఒకటే గరగర. ఈడు పంచాయితీ ఆఫీసు పెంకుల మీదకెక్కి రేడియో తీగ సేత్తో పట్టుకున్నాడు. పట్టుకుంటే బాగా ఇనిపించినాది. ఒగ్గేస్తే మళ్ళీ గరగర. దిగొద్దురా, అలాగే పట్టుకోరా అని లోపల్నించి అందరూ కేకలు. వాన పడి పెంకులు నానున్నాయి. కాలు జారిపోనాడు."

"అప్పుడు లోపలివాళ్ళు బయటికి రాలేదా?"

"రేడియో గరగరమంది కదమ్మా. ఒరే, తీగ సరిగ్గా పట్టుకోరా అని అరిసినారు. ఆడు కింద పడి ఉన్నాడు, మరి లెగలేదు. ఆడపిల్లలం బయట అరుగు మీద కూకున్నాం గానీ, ఆ పక్కకి సూసింది నానొక్కర్తినే. మాయమ్మ, మా బాబు పోనారు. ఇప్పుడు ఆడి మొకం నా దగ్గిర తప్ప ఇంకెక్కడా లేదు. ఫొటోయినా లేదు."

లలితకుమారికి నిజంగానే బాధ కలిగింది. బాధ కలిగినట్టు ఫారంలో వేరే గడి ఉంది, అందులో టిక్కు పెట్టింది.

"ఇది నానియ్యనమ్మా. లేదా, మీరిచ్చే పొట్లంలోనే ఆణ్ణి కూడా ఎయ్యండి. ఓ మూల ఎయ్యండి సాలు."

"చేర్పులకు అవకాశం ఉంది. కాకపోతే ఆనాటి పేపర్లో ఆధారం ఉండాలి."

మర్నాడొచ్చిన పేపరు తెప్పించారు. ఎనిమిది కాలమ్‌లలోనూ చంద్రుడే. దాలినాయుడు లేడు. జిల్లా పేజీలో అడుగున ఒక వాక్యం ఉంది: నాగులగెడ్డలో రేడియో ప్రసారం ఎంతో స్పష్టంగా వినిపించి ప్రజలు హర్షించారు.

పారమ్మ ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "ఇదే ఆడు. ఆడు పట్టుకున్నాడు కాబట్టే ఇనిపించినాది."

లలితకుమారి నిబంధనల పుస్తకం తిరగేసింది. చాలాసేపు చూసింది. ముఖం విప్పారింది.

"అయితే సమస్యే లేదు మామ్మగారూ. స్పష్టంగా వినిపించడం పొట్లంలో ముందే ఉంది. మీ అన్నయ్యగారి భాగాన్ని మొదటి నుంచీ అందరికీ పంచుతూనే ఉన్నాం."

ఇస్తే అన్న పోతాడు. ఇవ్వకపోతే తనూ పోతుంది, అన్నా పోతాడు. వెనక చెప్పుల వరుస పెరుగుతోంది, టీ కొట్టు దగ్గరివాళ్ళు తొందరపెడుతున్నారు. వాళ్ళలో ముగ్గురు ఆ ఉదయం ఆఫీసు లోపల ఉన్నవాళ్ళే. వాళ్ళకు పొట్లం ఎప్పుడో అందింది.

అరిగిపోయిన వేలు కావడంతో యంత్రం మూడుసార్లు ముద్ర తీసుకోలేదు. ఆ మూడుసార్లూ ఆమె సంతోషించింది. నాలుగోసారి సన్యాసిరావు ఆమె వేలును తడిగుడ్డతో తుడిచి, తనే పట్టుకుని నొక్కాడు. పచ్చలైటు వెలిగింది.

ఆమె ఇచ్చిన జ్ఞాపకాన్ని కాటాలో వేస్తే పళ్ళెం ఠపీమని కిందకి పోయింది. పదకొండేళ్ళ పిల్ల చూసిన పదిహేడేళ్ళ మొహం అంత తూగుతుందని అతనూ అనుకోలేదు. దాన్ని గోనెలో వేసి, మూతి కుట్టి, వెనక గదిలో మిగతా గోనెల మీద పెట్టాడు. ఆ గది చాలా పెద్దది. దాదాపు నిండింది.

పారమ్మ అక్కడే కూర్చుని పొట్లం విప్పింది. ఊరంతా పంచాయతీ ఆఫీసులో ఉన్నారు. తను కూడా లోపలే, ముందు వరుసలో ఉంది. అందరూ రేడియోనే చూస్తున్నారు. బెల్లం ముక్క నోట్లో కరుగుతోంది. పెంకుల మీద ఏదో చప్పుడైనట్టుంటే ఆమె తల ఎత్తబోయింది, కానీ ఈ పొట్లంలో పైకప్పు ఇవ్వరు.

ఆమె మొహంలోకి నవ్వు వచ్చేదాకా ఆగి, సన్యాసిరావు రిజిస్టరు తెరిచాడు. సరుకు నాణ్యత గురించి ఒక మాట రాసుకోవాలి.

"బాగా ఇనిపిస్తందా మామ్మా? గరగరేటీ లేదు కదా?"

"లేదు నాయినా," అంది పారమ్మ. "ఒక్క ముక్క పోలేదు."