ఒకే పార్సిల్‌లో ఆలుమగలు

ముంబై దగ్గర భివండీని ఆనుకుని ఉన్న మాన్కోలిలో ఒక కొరియర్ కంపెనీ గోదాము ఉంది. దాని గోడ మీద "పార్సిళ్లను విసరరాదు" అని మూడు భాషల్లో రాసిన బోర్డు ఉంది. ఆ బోర్డు ఆ కంపెనీ ద్వారానే వచ్చింది కనుక రెండు ముక్కలుగా వచ్చింది. యాజమాన్యం వారు దాన్ని టేపుతో అతికించి, కొబ్బరికాయ కొట్టి మరీ తగిలించారు. పార్సిళ్లు యథాప్రకారం దాని కింది నుంచే ఎగురుతున్నాయి.

ఎగరేసేవారిలో అగ్రగణ్యుడు ఎలీషా. తండ్రి జగిత్యాల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మగ్గాలు మందగించాక కొడుకు గోదాముకు మారాడు. నిలుచున్న చోటి నుంచి కాలు కదపకుండా ఏ ఊరి పార్సిల్‌ను ఆ ఊరి లారీలోకి విసరడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. అందుకు మెచ్చి కంపెనీవారు పోయినేడు "సున్నిత వస్తు నిర్వహణలో ఆదర్శ కార్మికుడు" అని ఒక గాజు జ్ఞాపిక బహూకరించారు. గాజుది కావడంతో ఎలీషా దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంతటి నిపుణుడికి ఒక పార్సిల్ పంపవలసిన అవసరం వచ్చింది.

కూతురు జాస్మిన్ దోహాలో నర్సు. తొలి కానుపు దగ్గర పడింది. అక్కడ చూసుకునే ఆడదిక్కు లేదు. అమ్మ రావాలి, అమ్మతో డాడీ కూడా రావాలి అని రోజూ ఫోన్. ఎప్పుడో చర్చివాళ్లతో యాత్రకని తీసుకున్న పాస్‌పోర్టులు ఇద్దరికీ ఉన్నాయి. యాత్ర సాగలేదు గాని గడువు మాత్రం సాగిపోయి ముగియవచ్చింది. వాటిలో చిరునామా సొంతూరిదే కనుక కొత్తవి చేయించే పని కరీంనగర్‌లోని ఏజెంటు రాజలింగం ఒప్పుకున్నాడు. సంతకాలు చేసిన దరఖాస్తులు, పాత పాస్‌పోర్టులు పంపితే చాలు, తారీఖు దొరికాక ఒక్కపూట వచ్చి పొమ్మన్నాడు. ఉన్న సెలవులన్నీ దోహాకు దాచుకోవాలి కనుక తీసుకెళ్లి ఇచ్చే వీలు లేదు.

"ఇయ్యాల్నే కొరియర్ల ఏసిరా" అంది భార్య దెబోరా.

ఎలీషా ముఖం పాలిపోయింది. "కొరియర్లనా? నీకు మతి ఉన్నదా?"

"నువ్వు చేసే పని గదే గద."

"గందుకే అంటున్న."

తిండి సహించక ఒక పూట ఆలోచించి అతనొక ఉపాయం చెప్పాడు. "రెండు కవర్లల్ల పంపుదాం. ఒకటి పోయినా ఒకటన్న ఉంటది."

"ఏది పోవాలె? నీదా, నాదా?"

"ఏదో ఒకటి. నీది పోతే నేనన్న పోత గద బిడ్డ దగ్గరికి."

"నువ్వు పోయి ఏం చేస్తవు, జాస్మిన్ డాడీ?"

"నీళ్లు కాగబెడ్త."

దెబోరా ఈ మాట చర్చిలో చెప్పింది. వ్యవహారం పాస్టర్ ఇమ్మానుయేల్ గారి దాకా వెళ్లింది. ఆయన ఆదివారం ఆరాధన తర్వాత సంఘాన్ని కూర్చోబెట్టి, దంపతుల పత్రాల సురక్షిత ప్రేషణ గురించి చాలాసేపు ప్రసంగించారు. "వీరి పెండ్లి జరిపించింది నేను. రిజిస్టర్ల సంతకం నాది. ఇప్పుడు వీరిని రెండు కవర్లల్ల పెడితే నా సంతకానికి విలువ ఏమున్నది? ఇద్దరూ ఒక్క కవర్ల పోవాలె, ఒక్క కవర్ల రావాలె" అని తీర్పిచ్చారు. సంఘం ఏకగ్రీవంగా ఆమోదించి చాయ్ తాగింది.

ప్యాకింగ్ మొదలైంది. కాగితాలకు ప్లాస్టిక్ కవరు, దానికి అటూ ఇటూ అట్టలు, అట్టల చుట్టూ పాత చద్దరు. పక్కింటి భూషణ్ తన మగ్గాల మీద నేసిన ముతక గుడ్డ ఇస్తే, దెబోరా బట్టల మూట కుట్టినట్టు ఎర్ర దారంతో చుట్టూ కుట్టింది. చివరకు రెండు పాస్‌పోర్టులు ఒక దిండంత అయ్యాయి. పైన "జాగ్రత్త, విసరవద్దు" అని ఆమె రాయబోతే ఎలీషా చేయి పట్టుకున్నాడు.

"గట్ల రాయకు. గది సూస్తేనే మాకు చేతులు దురద పెడ్తయి."

సొంత కంపెనీలో వేసేంత అమాయకుడు కాదతడు. పనిగట్టుకుని పక్కనున్న కాల్హేర్ వెళ్లి వేరే పేరున్న కొరియర్ దుకాణంలో ఇచ్చాడు. దుకాణదారు గుండె మీద చేయి వేసుకుని, తమ దగ్గర వేసిన వస్తువు తల్లి ఒళ్లో ఉన్నట్టేనని హామీ ఇచ్చాడు. ఎలీషా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు గోదాములో పార్సిళ్లు కదిలివచ్చే బెల్టు మీద ఎర్ర కుట్ల దిండు వచ్చింది. ఈ దేశంలో కొరియర్ దుకాణాల బోర్డులు వేరైనా గోదాములు, లారీలు ఒకటే కదా. అలవాటైన చేయి దాన్ని అప్పటికే తల పైకెత్తింది. ఎర్ర దారం కంటబడడంతో ఎలీషా ఆగిపోయాడు. మెల్లగా దించి, గుండెకు హత్తుకుని, కరీంనగర్ వైపు వెళ్లే లారీకేసి నడవడం మొదలుపెట్టాడు. గోదాములో నడిచి వెళ్తున్న పార్సిల్‌ను అంతవరకు ఎవరూ చూడలేదు. అందరూ పని ఆపి నిలబడ్డారు. అతని వెనక బెల్టు నిండి పార్సిళ్లు కింద పడసాగాయి. వాటిలో ఒకటి భళ్లుమంది, ఒకటి కారసాగింది.

సూపర్‌వైజర్ అమిత్ పరుగున వచ్చాడు. ఎవరికో దెబ్బ తగిలిందనుకున్నాడు.

"సాబ్, ఇండ్ల నా పెండ్లాం ఉన్నది" అన్నాడు ఎలీషా కంగారులో. తర్వాత హిందీలో వివరించాడు.

అమిత్ కొత్తగా పెళ్లయినవాడు. అతని కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే స్టూలెక్కి ప్రసంగించాడు. ప్రతి పార్సిల్ ఒక కుటుంబమని, ఎలీషా వంటి మనసున్న కార్మికుడు సంస్థకు గర్వకారణమని, ఇకపై సిబ్బంది తమ సొంత పార్సిళ్లను చేతులతో మోసుకెళ్లవచ్చునని ప్రకటించాడు. చప్పట్లు మారుమోగాయి. బెల్టు మీంచి పడుతున్నవి పడుతూనే ఉన్నాయి.

లారీలో భద్రమైన చోటు ఒక్కటే, డ్రైవర్ సీటు వెనకాల. అక్కడ అప్పటికే ఎవరో పూల దుప్పటి చుట్టిన మూట ఒకటి పెట్టి ఉన్నారు. ఎలీషా దాన్ని తీసి వెనక్కి విసిరాడు. ఆదర్శ కార్మికుడి చేయి కనుక అది గురి తప్పకుండా కుప్ప అడుగున పడింది. ఖాళీ అయిన చోట తన దిండు పడుకోబెట్టి, రెండుసార్లు తట్టి, దిగాడు.

మూడో రోజు రాజలింగం ఫోన్ చేశాడు. "నలగకుంట వచ్చినయి అన్నా. కొరియరోళ్లు మస్తు మంచోళ్లున్నట్టున్నరు."

దెబోరా ఆనందం ఇంతా అంతా కాదు. దోహాకు తీసుకెళ్లే గోంగూర తొక్కు అప్పుడే నూరడం మొదలుపెట్టింది. నూరుతూ నూరుతూ జరిగిందంతా మొగుడితో మళ్లీ చెప్పించుకుంది. సీటు వెనకాల సంగతి దగ్గర ఆమె చేయి ఆగింది.

"ఆడ ముందుగాల ఉన్నది ఎవరిది?"

"ఎవరిదో."

"పూల దుప్పటి సుట్టి పంపిన్రంటే వాళ్లకు గూడ అది పాణమే గద. అండ్ల గూడ ఎవరన్న ఆలుమగలు ఉండిరేమో."

ఎలీషా తలొంచుకుని గోంగూర కాడలు ఏరాడు. పేర్లు తెలియని ఆ ఇద్దరి కోసం దెబోరా ఆ రాత్రి ప్రార్థనలో ఒక మాట కలిపింది.

పాఠకులు ఎలీషాను తప్పు పట్టడానికి తొందరపడనక్కర్లేదు. మీ అబ్బాయి కాలేజీ సీటును, మీ నాన్నగారి ఆసుపత్రి మంచాన్ని, మీ ఇంటి నల్లా కనెక్షన్‌ను కూడా లోపల ఉన్న మనవాడెవరో ఇలాగే గుండెకు హత్తుకుని తీసుకెళ్లి భద్రమైన చోట పెట్టాడు. ఆ చోట అంతకుముందు ఉన్నది ఎవరిదని దెబోరా అడిగింది. మనం స్వీట్లు పంచాం.