గుండె ఏ అంతస్తు కిందకి వస్తుంది?

మనిషి ఒంట్లో గుండె ఒక్కటే ఉండడం వైద్య పరిపాలనకి తీరని ఇబ్బంది. రెండుంటే అంతస్తుకొకటి చొప్పున పంచుకునేవారు.

ఈ సంగతి ప్రూఫులు దిద్దే ఆవిడకి నలభై రెండో ఏట తెలిసొచ్చింది. అంతకుముందు పేజీ సగంలో ఆవిడ మనసు ఎటో వెళ్ళిపోయేది. కొన్ని ఉదయాలు దిగులుతో మంచం దిగలేకపోయేది. ఆస్పత్రి రెండో అంతస్తు డాక్టరు ధ్యాస నిలవడానికి ఉత్తేజపరిచే మాత్ర రాశాడు. మూడో అంతస్తు డాక్టరమ్మ దిగులుకి మాత్ర రాసింది. రెండూ పనిచేశాయి. ఎన్నో ఏళ్ళలో మొదటిసారి ఆవిడ ఒక నిఘంటువు మొత్తం అవలీలగా దిద్దేసింది. చెల్లెలు ఫోన్ చేస్తే నవ్వింది కూడా.

అయితే వృత్తి ఊరుకోదు కదా. మందు పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు ఆవిడ రెండూ చదివింది (చదవడానికి కాదు, పెట్టడానికే పెడతారని ఎవరూ చెప్పలేదు). రెండింట్లోనూ గుండె ప్రస్తావన ఉంది. అప్పట్నుంచీ మెట్లెక్కితే గుండె దడదడలాడేది. అది మాత్రల వల్లో, కాగితాల వల్లో, మెట్ల వల్లో తేలలేదు. ఒక మాత్ర మానేస్తే ఉద్యోగం పోతుంది. రెండోది మానేస్తే ఆ ఉదయాలు తిరిగొస్తాయి.

వెళ్ళి అడిగింది. రెండో అంతస్తు డాక్టరు తన మాత్ర నిక్షేపంలాంటిదనీ, మిగతాది పైవాళ్ళనే అడగాలనీ అన్నాడు (మూడో అంతస్తు అని ఆయన ఉద్దేశం). డాక్టరమ్మ కిందకి చూపించింది. రెండు మాత్రల కలయిక ఏ అంతస్తు కిందకీ రాదట. దానికోసం కలయికల పర్యవేక్షణాధికారి పోస్టు మంజూరైంది. మనిషే మంజూరు కాలేదు.

ఆస్పత్రి యాప్‌లో 'గుండె నొప్పి', 'గుండె నొప్పి లేదు' అని రెండే గడులున్నాయి. భయానికి గడి లేదు. చివరికి గుండె విభాగం కిటికీ దగ్గర నిలబడింది.

"నొప్పి వస్తోందా?" అన్నాడు గుమాస్తా.

"లేదండీ, వస్తుందేమోనని."

"అయితే వచ్చాక రండి."

బయటికొస్తూ మందుల కిటికీ దగ్గర ఆగి ఆ రెండు కాగితాలూ లోపలికి తోసింది. మందులిచ్చే ఆవిడ అవి చూసి, లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. అయిదు నిమిషాలు ఆగి బీపీ, నాడి చూసి, కాగితం మీద రాసింది.

"ఈ రెండూ చాలామందికి కలిపే ఇస్తారమ్మా. కాకపోతే బీపీ, నాడి చూస్తూ ఉండాలి, ఆ పనే ఎవరూ చెయ్యలేదు. మీ అంతట మీరు ఏదీ మానెయ్యకండి. గుండెల్లో నొప్పొచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా మాత్రం ఎవర్నీ అడక్కుండా ఎమర్జెన్సీకి వచ్చెయ్యండి."

నాడి కాస్త ఎక్కువగానే ఉంది. మందులిచ్చే ఆవిడ ఫోన్ తీసి రెండంతస్తుల్నీ ఒకే లైన్లో కలిపింది. ఒకే భవనంలో పదకొండేళ్ళు పనిచేసిన ఆ డాక్టర్లిద్దరూ ఒకరి గొంతు ఒకరు వినడం అదే మొదలు. ఆ సాయంత్రమే ఈసీజీ తీశారు. గుండె బాగానే ఉంది. మొదటి మాత్ర మోతాదు కొద్దిగా తగ్గించి, నెలనెలా చూపించుకోమన్నారు. ప్రూఫులు దిద్దే ఆవిడ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆస్పత్రి యాజమాన్యం ఈ ఘటనని చాలా తీవ్రంగా పరిగణించి తక్షణ చర్యలు చేపట్టింది. మర్నాడు మందుల కిటికీకి బోర్డు వేలాడింది: 'ఇక్కడ మందులు మాత్రమే ఇవ్వబడును.'