గిన్నెల తువ్వాలు మీద పేరు

ఆ శుక్రవారం ఉదయం గ్లెనిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పన్నెండులోపు తన పేరు ఒక గిన్నెల తువ్వాలు మీదికి ఎక్కాలి. తానే అడిగి ఎక్కించుకున్నట్టు ఎవరికీ తెలియకూడదు.

సముద్రంలో ఈతగాళ్ళను కాపాడే స్వచ్ఛంద సంఘాలు ఏ రోజు ఎవరి వంతో రాసుకోవడానికి సీగల్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యవచ్చు. దానికి పదేళ్ళు నిండాయని, పనిచేసినవాళ్ళ పేర్లన్నీ తువ్వాళ్ళ మీద అచ్చువేయించి పంచాలనుకున్నారు. ఆ పేర్ల జాబితాను ఒక ప్రోగ్రామ్ దానంతటదే తయారుచేస్తుంది. దాని కంటికి ఆనేది కోడ్ రాసినవాళ్ళే. ఆరేళ్ళుగా సహాయం పేజీలన్నీ రాసి, "బటన్ ఎక్కడుంది?" అన్న ప్రతివాళ్ళకూ ఓపిగ్గా జవాబిచ్చిన గ్లెనిస్ అందులో లేదు. ఒక బటన్ నీలాన్ని ఇంకో నీలంగా మార్చి మళ్ళీ కనిపించని డెక్లన్ మాత్రం ఏడో వరుసలో ఉన్నాడు.

"నా పేరు వెయ్యమని అడగొచ్చుగా," అన్నాడు భర్త మెర్వ్, రొట్టెకు వెన్న పూస్తూ.

"అడిగి వేయించుకుంటే అది గౌరవమెలా అవుతుంది?"

"తుడిచేది గిన్నెలేగా."

గ్లెనిస్ అతన్ని వదిలేసి ఫెర్గస్‌కు ఫోన్ చేసింది. సీగల్‌ను మొదలుపెట్టింది అతనే. ఆమె లైబ్రేరియన్‌గా ఉన్న బడిలోనే చదువుకున్నాడు.

"కోడ్ రాయనివాళ్ళూ కష్టపడ్డారుగా ఫెర్గస్. సమోవా భాషలోకి మార్చిన సెఫీనా ఉంది. కనిపించిందల్లా నొక్కి తప్పులు పట్టే నోలీన్ ఉంది..." మూడో పేరు అతని నోట వస్తుందేమోనని ఆగింది.

"నిజమే మేడమ్, సిగ్గుచేటు," అన్నాడు. "ఇప్పుడే చర్చ పేజీలో పెడతా. ఎవరికి థాంక్స్ చెప్పాలో వాళ్ళ పేరు రాస్తే చాలు, ప్రోగ్రామ్ చేర్చేసుకుంటుంది. ఎవరి పేరు వాళ్ళు రాసుకోకూడదు, అంతే. మీకు అలాంటివి నచ్చవుగా."

"అస్సలు నచ్చవు," అంది గ్లెనిస్ నీరసంగా.

పొగిడితే ముడుచుకుపోయి, ఆ పొగడ్తను పక్కవాళ్ళ మీదికి తోసేయడం వీళ్ళుండే టాస్మేనియా దీవిలో అందరికీ పుట్టుకతో వచ్చిన జబ్బు. సమోవా దీవుల సెఫీనాకేమో అది పెంపకంలో వచ్చింది. ఆమె తన మేనత్త పేరు రాసింది. మేనత్త తన చర్చి బృందం మొత్తాన్నీ రాసింది. నోలీన్ తన మెడనొప్పి డాక్టరును రాసింది. "గ్యారీ ఏం చేశాడని?" అని ఎవరో ఆ పేజీలోనే గొణిగితే, పేరు కనిపించిందే చాలని ప్రోగ్రామ్ గ్యారీని చేర్చుకుంది. "నాకంటే బిస్కట్ నయం," అని గ్యారీ రాస్తే బిస్కట్ కూడా చేరింది. బిస్కట్ గ్యారీ కుక్క.

పదిన్నరకు రెండువందల పన్నెండు పేర్లయ్యాయి. గ్లెనిస్ పేరు లేదు. ఆమెది ఎప్పుడో ఉండే ఉంటుందని అందరూ అనుకున్నారు.

అప్పుడు దిగాడు డెక్లన్. "రెండు వారాలు కూర్చుని ఎంచిన నీలం అది. నా పేరు కుక్క పేరు సరసనా?"

"బిస్కట్ ప్రతి మీటింగుకూ వచ్చింది నాయనా," అని రాసింది నోలీన్. "నువ్వెప్పుడొచ్చావ్?"

పదకొండుకు ఫెర్గస్ ఫోన్ చేశాడు. "మేడమ్, తొంభై పేర్లకు మించి పట్టవంటున్నాడు అచ్చువేసేవాడు. ఎవరేం చేశారో అందరి సంగతీ తెలిసింది మీకొక్కరికే. కాస్త చూడరూ?"

గ్లెనిస్ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. డాక్టరును తీసేసింది. చర్చి బృందాన్ని ఒక్క పేరుగా కుదించింది. కోడ్ రాసినవాళ్ళు, రాయనివాళ్ళు అన్న తేడా లేకుండా అందరినీ అక్షరక్రమంలో పెట్టి, పక్కనే చేసిన పని రాసింది. నోలీన్: విరగ్గొట్టింది. బిస్కట్: హాజరు. చివరికి ఎనభైతొమ్మిది తేలాయి. ఒక్క చోటు మిగిలింది.

"రాసెయ్, ఎవరు చూడొచ్చారు," అన్నాడు మెర్వ్.

"నేను చూస్తాగా."

అందాకా కొట్టేసి ఉంచిన పేరొకటి ఉంది. పళ్ళు బిగించి దాన్నే ఆ చోట్లో రాసింది. డెక్లన్: నీలం. పన్నెండుకు రెండు నిమిషాలుండగా, అచ్చువేసేవాడికి తెలియాలని అడుగున ఒక ముక్క చేర్చి పంపేసింది.

రెండు వారాల తర్వాత, సంఘం ఆవరణలో సాసేజీలు కాలుస్తుండగా తువ్వాళ్ళు విప్పారు. తొంభై పేర్లూ చీమల్లా ఉన్నాయి. వాటి కింద, ఈ చివరి నుంచి ఆ చివరికి, అరచేయంత అక్షరాలు: "ఏ తప్పు కనిపించినా నాకు ఫోన్ చెయ్యండి. గ్లెనిస్ ట్రాంటర్." ఆ కింద ఆమె నంబరు. అచ్చువేసేవాడు వచ్చింది వచ్చినట్టు వేసేశాడు, నాలుగువందల తువ్వాళ్ళ మీద.

"భలే పెట్టుకున్నారు మేడమ్," అన్నాడు ఫెర్గస్, మనస్ఫూర్తిగానే. "ఇన్నాళ్ళకైనా మీ గురించి మీరు చెప్పుకున్నారు."

మెర్వ్ తన ముఖాన్ని సాసేజీల పొగలోకి తిప్పుకున్నాడు.

సోమవారం పొద్దున్నే మొదటి ఫోన్ వచ్చింది. డెక్లన్. తువ్వాలు మీద వేసిన నీలం తన నీలం కాదట.