అయిదుగురు ఇంజనీర్లు, ఒక తెక్నికో

ఆ పొద్దున వర్క్‌షాపు అనువాదకురాలు పెట్టుకున్న పని చిన్నదే. స్పానిష్ మాట్లాడే దేశంలోని ఒక కంపెనీలో పంపులు బిగించడానికి వెళ్లే ఆరుగురి జాబితాను స్పానిష్‌లోకి మార్చి, పదిన్నరకల్లా పంపేసి టీ తాగాలి.

జాబితాలోని వెల్డర్ ఆమె సొంత మరిది. పదేళ్లుగా విదేశీ పని కోసం కలలు కంటున్నవాడు. వచ్చి కాగితంలోకి తొంగిచూశాడు.

“సోల్దదోర్ అంటే ఏంటి వదినా?”

“వెల్డర్.”

“అంతేనా? మా అత్తగారికి చూపించుకోవాలి. పైన ఆయనకి వేశావే, ఇన్హెనియేరో, అది బాగుంది.”

“అది ఇంజనీరు.”

“ఒక్క మాటేగా వదినా.”

ఆమె మెత్తబడింది. అదే పొరపాటు. గంటలోపు ఫిట్టర్ వచ్చి నిలబడ్డాడు, వెనకాలే లేత్ మనిషి, ఎలక్ట్రీషియన్, పైపుల మనిషి. ఫిట్టర్‌కి అహుస్తదోర్, లేత్ మనిషికి తోర్నెరో అంటూ వెతికి వెతికి పెట్టిన సరైన మాటలన్నీ కొట్టేస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. అయినా కొట్టేసింది. సొంత మరిదికి ఇచ్చి మిగతావాళ్లకు కాదనే మొహం ఆమెకు లేదు.

సంగతి అసలు ఇంజనీరు చెవిన పడింది. ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

“వెల్డరూ నేనూ ఒకటేనా? నాకు వేరే మాట వెయ్యండి.”

“ఇక తెక్నికో ఒక్కటే మిగిలింది సార్. దానర్థం...”

“అర్థం అడగలేదు. ఇంకెవరికైనా వేశారా?”

“లేదండీ.”

“అది వెయ్యండి.”

యజమాని చూడకుండానే ముద్ర వేశాడు. జాబితా వెళ్లిపోయింది.

నాలుగో రోజు జవాబు వచ్చింది. యజమాని అందరినీ పిలిచి ఆమెతోనే చదివించాడు. ‘ఇంజనీర్లు మా దగ్గర కావలసినంత మంది ఉన్నారు. మీ అయిదుగురూ రానక్కర్లేదు. చేతిపని తెలిసిన తెక్నికోను మాత్రం పది రోజుల్లో పంపండి. వెల్డింగుతో సహా అన్నీ ఆయనే చూసుకోవాలి.’

“సరిచేసి మళ్లీ పంపుదాం సార్” అంది ఆమె.

“ముద్ర వేసింది నేను. తప్పుడు జాబితా పంపామంటే ఆర్డరే పోతుంది.”

 మరిది మొహం చూడటానికి ఆమెకు మనసొప్పలేదు. ఇంజనీరు మాత్రం తన రెండు చేతులనూ కొత్తగా చూసుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన వెల్డింగు ముసుగు తగిలించుకుని షెడ్డులో రేకులు అతకడం నేర్చుకుంటున్నాడు. రేకు కన్నా చొక్కా ఎక్కువ కాలుతోంది. నేర్పేది మరిదే.

నేర్పేవాడు కాగితం మీద ఇంజనీరే కాబట్టి పని త్వరగానే వస్తుందని యజమాని ధైర్యం.